మూల కుట్టిన గలీబులు

హెలెన్ సిస్టర్ తనిఖీకి వస్తోందంటే చాలు, ముందు రోజే ఆవిడ వెళ్ళే చోట ఫినాయిల్ వాసన గుప్పుమనేది. నలభై ఏళ్ళు గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసి మేట్రన్‌గా రిటైరైన మనిషి ఆవిడ. పెళ్ళీ పెటాకులూ లేవు, ఆసుపత్రే సంసారం. రిటైరయ్యాక కూడా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే బుద్ధి పుట్టలేదు. ఇక నయం కాదని పెద్ద డాక్టర్లు చేతులెత్తేసిన రోగుల్ని కడదాకా చూసుకునే నిలయాలు ఆ చుట్టుపక్కల నాలుగైదు ఉన్నాయి. వాటికి సాయం చేసే ట్రస్టు ఒకటుంది. ఏ నిలయం రోగుల్ని ఎలా చూసుకుంటోందో ఏడాదికోసారి వెళ్ళి చూసి, నూటికి మార్కులు వేసే పని ట్రస్టు వాళ్ళు ఈవిడకి అప్పజెప్పారు. ఆవిడ మారుమాట లేకుండా ఒప్పేసుకుంది.

ఆవిడ పద్ధతి ఆవిడది. ఆఫీసు గదిలో ఇచ్చే కాఫీ ముట్టదు. తిన్నగా వార్డులోకి నడిచి, పాదాల వైపు నుంచి దుప్పటి ఎత్తి మడమలు చూస్తుంది. నడుం కిందికి చెయ్యి పోనిచ్చి తడి ఉందేమో చూస్తుంది. మంచినీళ్ళ జగ్గు మూత తీసి వాసన చూస్తుంది. ఒళ్ళు అబద్ధం చెప్పదని ఆవిడ నమ్మకం. నిజమే, ఒళ్ళు చెప్పదు. నోళ్ళు చెబుతాయన్న సంగతి మాత్రం అంత సర్వీసులోనూ ఆవిడ సరిగ్గా పట్టించుకోలేదు.

పెదకాకాని దాటాక మిరప చేల మధ్య ఉన్న నెమ్మది నిలయానికి కిందటేడు ఆవిడ తొంభై రెండు మార్కులు వేసింది. ఆవిడ చేతిమీదుగా ఎవరికీ అన్ని మార్కులు పడలేదు. పదహారు మంచాల్లో ఒక్క రోగికీ పడక పుండు లేదు. మార్ఫిన్ బీరువాకి రెండు తాళాలు, రిజిస్టర్‌లో ఒక్క బిళ్ళ తేడా లేదు. ప్రతి మంచానికీ నొప్పి చార్టు వేలాడుతోంది. సున్నా నుంచి పదిదాకా అంకెలు వేయాల్సిన ఆ చార్టుల్లో దాదాపు అన్నీ సున్నాలే, ఎక్కడో ఒకటో రెండో. పాతబడ్డ దిండు గలీబుల్ని కూడా పారెయ్యకుండా, చిరిగిన మూలలు చక్కగా కుట్టి వాడుతున్నారు. ఆ సంగతి ఆవిడకి ఎంత నచ్చిందంటే, 'ఇతర అంశాలు' అన్నచోట పనిగట్టుకుని రాసింది: పొదుపు, శ్రద్ధ మెచ్చదగినవి. తగ్గించిన ఎనిమిది మార్కులూ మిరప ఘాటుకి. రోడ్డుకి అవతల కల్లాల్లో కాయలు ఎండబోస్తే కిటికీల్లోంచి ఘాటు కొట్టి రోగులు దగ్గుతున్నారు, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. కిటికీలకి సన్నటి మెష్ కొట్టించాలని రాసింది.

ఆ రోజు వార్డులో తెలిసిన మొహం ఒకటి కనిపించింది. ప్రసన్నకుమార్ అని, ఆవిడ పుట్టిన ఊరివాడే, పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. కడుపులో క్యాన్సర్. ఎలా ఉన్నావు బాబూ అని అడిగితే, దేవుని కృపవల్ల బాగున్నానండి అన్నాడు. నొప్పి ఉందా అంటే లేదండి అన్నాడు. చార్టు చూసింది, సున్నా. మడమలు చూసింది, శుభ్రం. బయట గేటు దగ్గర అతని భార్య జయకుమారి టిఫిను క్యారియరుతో నిలబడి ఉంటే, వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి చెప్పింది కూడా. నీ మొగుడికి నొప్పి లేదమ్మా, నేను స్వయంగా చూశాను, నువ్వు బెంగ పెట్టుకోకు అని. జయకుమారి రెండు చేతులూ జోడించింది. ప్రసన్నకుమార్ పదిహేను రోజులకి పోయాడు.

హెలెన్ అన్న జయరావు కాకుమాను దగ్గర వాళ్ళు పుట్టిన ఆ పల్లెలోనే ముప్పై ఏళ్ళు బడిపంతులు. అంతకుమించి సంఘ పెద్ద. ఊళ్ళో ఎవరు మంచం పట్టినా పాస్టరు గారికంటే ముందు ఈయన చేరేవాడు. మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసి, లేచి, రోగి చెయ్యి పట్టుకుని, 'బాగున్నానని చెప్పు' అనేవాడు. రోగి బాగున్నానని చెప్పాలి. అది సాక్ష్యం. నొప్పి అని మూలిగితే విశ్వాసం చాలనట్టు. ఊళ్ళో దీన్ని ఎవరూ కాఠిన్యం అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. ధైర్యం చెప్పడమే అనుకున్నారు. అలా ఆయన చేత ధైర్యం చెప్పించుకుని పోయిన వాళ్ళు ఆ ఊరి సమాధుల తోటలో చాలామందే ఉన్నారు. ఆయన భార్య సుగుణమ్మ కూడా అక్కడే ఉంది. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.

జయరావుకి ప్రొస్టేట్‌లో మొదలైన క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని జనవరిలో తేల్చారు. పిల్లలు లేరు. హెలెన్‌ది గుంటూరులో రెండో అంతస్తులో రెండు గదుల వాటా, ఆవిడ మోకాళ్ళే ఆవిడ మాట వినవు. మనిషిని పక్కకి తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. తను తొంభై రెండు వేసిన చోటు ఉండగా వేరే చోటెందుకు? ట్రస్టు కార్యదర్శి త్యాగరాజు గారికి ఫోన్ చేసి, మా అన్నయ్య అక్కడ ఉన్నాడు, ఈ ఏడు నేను తనిఖీకి వెళ్ళడం సబబు కాదేమో అంది. ఆయన నవ్వి, సొంత అన్నగారిని అక్కడ పెట్టారంటే దానికి మించిన సర్టిఫికెట్ ఏముంటుందండి, మీరే వెళ్ళండి అన్నాడు. ఆ మాటకి ఆవిడ లోలోపల పొంగిపోయింది కూడా.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ అన్న దగ్గరికి వెళ్ళేది. వెళ్ళగానే చార్టు చూసేది. సున్నా, సున్నా, సున్నా. ఎముకల్లోకి పాకిన జబ్బు నొప్పి పెట్టకుండా ఊరుకోదని ఆవిడకి తెలియక కాదు. నలభై ఏళ్ళు చూసింది. కానీ తను మెచ్చిన చోటు గదా, ఇక్కడ అలాగే జరుగుతుంది అనుకుంది. దేవుడు తన అన్న మీద ప్రత్యేకంగా దయ తలిచాడని కూడా అనుకుంది. మనిషి మాత్రం వారం వారం చిక్కిపోతున్నాడు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉంటున్నాయి. అదేంటన్నయ్యా అంటే, మిరప ఘాటు చెల్లాయ్ అనేవాడు. మెష్ కొట్టించాక కూడా ఘాటు ఎలా వస్తోందని ఆవిడ నిలయం చూసుకునే మార్క్ మీద విరుచుకుపడింది. పాపం, మార్క్ మర్నాడే వడ్రంగిని పిలిపించి ఇంకో వరస మెష్ కొట్టించాడు.

మార్చి నెలలో ఒక మంగళవారం ఆవిడ చెప్పాపెట్టకుండా తనిఖీకి బయల్దేరింది. కిందటేడు పదింటికి వెళ్ళింది, అప్పటికి చార్టులన్నీ నింపేసి ఉన్నాయి. ఈసారి సొంత అన్న ఉన్న చోటు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపకూడదని, పెదకాకానిలో మొదటి ఆటో పట్టుకుని ఆరున్నరకల్లా గేటు దగ్గర దిగింది. కల్లాల్లో అప్పుడే పట్టాలు తీస్తున్నారు. రోడ్డు వారంతా ఎర్రగా ఉంది.

లోపల ఉదయం ప్రార్థన జరుగుతోంది. కూర్చోగలిగినవాళ్ళని చక్రాల కుర్చీల్లో, లేనివాళ్ళని మంచాలతో సహా హాల్లోకి తెచ్చారు. జయరావు మంచం ముందు వరసలో ఉంది. పెద్ద ప్రార్థనాపరుడని ఆయనకి అక్కడా గౌరవమే. ఒక కీర్తన పాడారు, మార్క్ ప్రార్థన చేశాడు. అతను మంచి మనిషి, కన్నీళ్ళతో ప్రార్థన చేసే మనిషి. ఆమెన్ అయ్యాక ఒక్కో మంచం దగ్గరికీ వెళ్ళి, చెయ్యి పట్టుకుని, వందనాలండి, ఎలా ఉన్నారు అని అడుగుతున్నాడు. వాళ్ళు ప్రభువు కృపవల్ల బాగున్నానండి అంటున్నారు. నొప్పేమైనా ఉందా అంటే లేదండి అంటున్నారు. హాలంతా స్తోత్రం అంటోంది. వెనకాలే నర్సు ఆరాధన, పాతికేళ్ళు కూడా నిండని పిల్ల, అట్ట పట్టుకుని సున్నాలు వేసుకుంటూ పోతోంది.

జయరావు వంతు వచ్చింది. ఆయన గొంతు మిగతా వాళ్ళకంటే గట్టిగా వినిపించింది. "దేవుని కృపవల్ల చాలా బాగున్నాను బాబూ," అన్నాడు. స్తోత్రం కూడా గట్టిగానే పడింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న హెలెన్‌కి కళ్ళు చెమర్చాయి. రోగుల మనశ్శాంతికి పదికి పది వెయ్యాలని అక్కడే అనుకుంది. ఎంత తెలివిగల మనిషికైనా సంతోషంలో కళ్ళు మూసుకుపోవడానికి ఒక్క నిమిషం చాలు.

మంచాలు మళ్ళీ వార్డులోకి చేరే లోపు బట్టలు చూద్దామని ఆవిడ వెనక వరండాలోకి వెళ్ళింది. అక్కడ సిద్దికా అనే ఆయా నేలమీద కూర్చుని సూదీ దారంతో దిండు గలీబు కుడుతోంది. తెల్లారి అయిదింటికే వచ్చి రోగుల ఒళ్ళు తుడిచి, పక్కలు తిప్పి, గుడ్డలు మార్చేది ఆమే. ప్రార్థన వేళకి ఆమెతో పని ఉండదు కాబట్టి వెనక్కి వచ్చేస్తుంది. పక్కన ఉతికి మడతపెట్టిన గలీబుల దొంతర ఉంది. హెలెన్ ఒకటి తీసి చూసింది. మూల కుట్టి ఉంది. రెండోది తీసింది. అదీ మూలే. అయిదారు విప్పింది. గుడ్డ మధ్యలో ఎక్కడా చిరుగు లేదు, నేత గట్టిగానే ఉంది. అన్నిటికీ ఒక మూలే పోయింది.

"గుడ్డ బాగానే ఉంది గదమ్మా, మూలలెందుకు చిరుగుతున్నాయి?" అని అడిగింది. ఎలుకలేమో అని కూడా అంది. ఎలుకలైతే శుభ్రతకి మార్కులు తగ్గించాలి.

సిద్దికా దారం పళ్ళతో తెంపబోయి ఆగింది. "ఎలకలు కాదమ్మా, మనుషులే," అంది. "పక్క తిప్పేటప్పుడు కొరుకుతారు. అరిస్తే అందరికీ వినపడుద్దని."

హెలెన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని గలీబు దొంతర మీద పెట్టేసింది. సిద్దికా నెమ్మదిగా చెప్పుకుపోయింది. తను తిప్పేటప్పుడు వాళ్ళ మొహాలు చూస్తుంది, చేతులు బిగుసుకోవడం చూస్తుంది. కొంతమంది ముందే మూల నోట్లో పెట్టుకుని, ఊఁ, తిప్పు అని సైగ చేస్తారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మిరప ఘాటు అంటారు. ఈ సంగతి నర్సు ఆరాధనకి రెండుసార్లు చెప్పింది. వాళ్ళే నొప్పి లేదంటుంటే నేనెలా రాస్తాను అందట ఆ పిల్ల. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి చార్టు చూసి వెళ్ళిపోతాడు.

"ఇంకెవరికీ చెప్పలేదా?" అని అడిగింది హెలెన్.

"నన్నెవరు అడుగుతారమ్మా? నిరుడు మీరొచ్చారు. ఈ గలీబులు చూశారు. బాగా కుట్టావమ్మా అని మెచ్చుకున్నారు." సిద్దికా ఎత్తిపొడుస్తున్నట్టు అనలేదు, జరిగింది చెప్పింది. "మీకు తెలిసే అన్నారనుకున్నా."

హెలెన్ గోడకి ఆనుకుంది. మడమలు చూసింది, జగ్గుల వాసన చూసింది, నొప్పిని చేతుల్లోకి తీసుకుని విప్పి చూసి, పొదుపు అని రాసింది. సిగ్గుతో చచ్చిపోయింది ఆవిడ. సిద్దికా ఒళ్ళో కుడుతున్న గలీబు వైపు చూసి, అడగడానికి భయపడుతూనే అడిగింది, అది ఎవరిదని. సిద్దికా తలొంచుకుని, సార్‌ది అంది. ఆ నిలయంలో అందరూ సార్ అని పిలిచేది జయరావుని.

ఆవిడ ఆ గలీబు తీసుకుని వార్డులోకి వెళ్ళింది. అన్న మంచం చుట్టూ తెర లాగింది. పలకరించడానికి వచ్చిన మార్క్‌ని కాసేపు రావద్దంది. స్టూలు మీద కూర్చుని, ఎలా ఉన్నావన్నయ్యా అంది. ఆయన అలవాటుగా, దేవుని కృపవల్ల బాగున్నానన్నాడు. ఆవిడ గలీబు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు కుట్టు వేసిన మూలని తడిమి అక్కడే ఆగిపోయాయి.

మిరప ఘాటు మాట ఈసారి ఎత్తలేదు.

"నడుంలో గొడ్డలి పెట్టి చీలుస్తున్నట్టుందే, హెలెనూ," అన్నాడు చివరికి. "తట్టుకోలేకపోతున్నాను."

ఎన్నాళ్ళ నుంచి అంటే వచ్చిన దగ్గర్నుంచి అన్నాడు. మరి నాతోనైనా చెప్పకూడదా, నేను నర్సునే కదా, నీ చెల్లెల్ని కదా అని ఆవిడ ఏడ్చేసింది. అరవై మూడేళ్ళ మేట్రన్ వార్డులో ఏడవడం అదే మొదటిసారి.

అప్పుడాయన సుగుణమ్మ సంగతి చెప్పాడు. గర్భసంచి క్యాన్సర్‌తో ఆవిడ ఇంట్లోనే నాలుగు నెలలు తీసుకుంది. అప్పట్లో మార్ఫిన్ ఇప్పిస్తానని హెలెన్ రెండుసార్లు ఫోన్ చేసింది. అవసరం లేదు, సుగుణ బాగానే ఉందంటోంది అని జయరావే చెప్పాడు. అది అబద్ధం కాదు. ఆవిడ బాగున్నాననే అనేది, ఎందుకంటే ఆయన అనమనేవాడు. ఒక రోజు ఆవిడ తట్టుకోలేక కేక పెడితే, వాకిట్లో ప్రార్థనకి వచ్చినవాళ్ళు ఉన్నారని ఆయన ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. మెల్లగానే పెట్టాడు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కేక పెట్టలేదు.

"దాని నోరు మూయించి, ఇప్పుడు నేనెట్టా తెరిచేది చెల్లాయ్?" అన్నాడు. "రేపు అది ఎదురైతే ఏం చెప్పను?"

ఆయన తప్పేమీ లేదని హెలెన్ అనలేకపోయింది, ఎందుకంటే ఉంది. ఆయన్ని తిట్టనూ లేకపోయింది. మొహం తుడిచి, లేచి, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టర్ మీరా హుస్సేన్‌కి ఫోన్ చేసింది. చార్టులో సున్నా ఉంటే నేను మార్ఫిన్ ఎలా రాస్తానండీ అని ఆయన మొదట నొచ్చుకున్నాడు. తర్వాత గలీబుల సంగతి విని ఆ పూటే వచ్చాడు. రెండు తాళాల బీరువా తెరిచారు. డబ్బాలు నిండుగా ఉన్నాయి. ఒక్క బిళ్ళ తేడా లేదని కిందటేడు తను మురిసిపోయింది వీటిని చూసే. వాడకపోతే తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

మధ్యాహ్నం రెండోసారి మందు పడ్డాక జయరావు నిద్రపోయాడు. నోరు కాస్త తెరుచుకుని, చేతులు వదులుగా పడేసి, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. సిద్దికా వచ్చి పక్క తిప్పింది. ఆయన మూలిగాడు కానీ దిండు వెతుక్కోలేదు.

సాయంత్రం ఆఫీసులో మార్క్ తల పట్టుకుని కూర్చున్నాడు. మేము ఒక్క అబద్ధం కూడా రాయలేదమ్మా, వాళ్ళు చెప్పిందే రాశాం అని ఒకటికి నాలుగుసార్లు అన్నాడు. నిజమే రాశాడు. అతన్ని తిడితే మనసు తేలికపడేదేమో గానీ, తిట్టే నోరు హెలెన్‌కి రాలేదు. అందరి ముందు, ఆమెన్ ఆరకముందే నొప్పి ఉందా అని అడిగితే ఇక్కడి మనిషి ఎవడు ఉందంటాడు బాబూ అని మాత్రం అంది. తర్వాత కిందటేడాది రిజిస్టర్ తెప్పించింది. ఏడాదిలో పోయినవాళ్ళు ఇరవై ఏడుగురు. ఇరవై ఏడు చార్టులూ తీయించి చూసింది. ప్రసన్నకుమార్ చార్టులో పోయిన రోజు పొద్దున కూడా సున్నా ఉంది.

ఆవిడ సిద్దికాని పిలిచి, ఒక్కో పేరూ చదివి అడిగింది. సిద్దికాకి చాలామంది గుర్తున్నారు. ఒకాయన ఎడమ మూలే కొరికేవాడట. ఒకావిడ గలీబు వద్దని తన పైట చెంగు పెట్టుకునేదట. ప్రసన్నకుమార్ పేరు రాగానే సిద్దికా చేతులతో సైగ చేసింది, గుడ్డ మూల మొత్తం కొరికేసేవాడని. హెలెన్ ఆ రిజిస్టర్ మూసి, ఆ రోజుకి ఇక తెరవలేదు.

ట్రస్టుకి పంపిన రిపోర్టులో ఆవిడ ఈసారి మార్కులు వెయ్యలేదు. కిందటేడు తను వేసిన తొంభై రెండు తప్పు అని మొదటి వాక్యంలోనే రాసింది. ఆ తప్పు నిలయానికంటే తనదే ఎక్కువ అని రెండో వాక్యంలో రాసింది. నొప్పి గురించి ప్రార్థనలో అడగకూడదనీ, పక్క తిప్పే వేళ తెర చాటున అడగాలనీ, సిద్దికా చూసింది రాయడానికి చార్టులో ఒక గడి ఉండాలనీ రాసింది. కుట్టిన గలీబు ఒకటి మడిచి కవర్లో పెట్టింది. త్యాగరాజు గారు ఫోన్ చేసి, గుడ్డ దేనికండీ అని అడిగితే, కొరికి చూడండి అని పెట్టేసింది. అంత దురుసుగా ఆవిడ ఎన్నడూ మాట్లాడలేదు.

జయరావు పదహారు రోజులు బతికాడు. నొప్పి పూర్తిగా పోలేదు, పోయిందని చెబితే మళ్ళీ అబద్ధమే అవుతుంది. కానీ ఉన్నప్పుడు ఉందనేవాడు. అయిదు అనేవాడు, ఏడు అనేవాడు, మందు పడ్డాక రెండు అనేవాడు. పన్నెండో రోజు చెల్లెల్ని దగ్గరికి పిలిచి ఒక మాట అడిగాడు. "నన్ను పూడ్చే రోజున అందరూ నేను బాగా ఓర్చుకున్నాననే అంటారు. అననివ్వకు," అన్నాడు. ఆవిడ సరేనంది. సరేనన్నాక అదెంత కష్టమో తెలిసింది.

పూడ్చే రోజున ఊళ్ళో చర్చి గుడి నిండిపోయింది. జయరావు బడిలో చదివినవాళ్ళు, చేల నుంచి తిన్నగా వచ్చిన కూలీలు, ఎర్రటి వేళ్ళు ఇంకా కడుక్కోని ఆడవాళ్ళు. పాస్టరు గారు బాగా మాట్లాడారు. ఇంత పెద్ద జబ్బులోనూ పెద్దాయన నోటి వెంట నొప్పి అన్న మాట రాలేదు, మనందరికీ ఆయనే మాదిరి అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పమంటే హెలెన్ లేచింది.

"వచ్చిందండి," అంది. "నొప్పి అన్న మాట వచ్చింది. నాతో అన్నాడు. మీ అందరితో చెప్పమన్నాడు."

ఆవిడ గలీబుల సంగతి చెప్పింది. తను వాటిని చూసి పొదుపని మెచ్చుకున్న సంగతి చెప్పింది. సుగుణమ్మ నోటికి అడ్డం పెట్టిన చెయ్యి సంగతి కూడా చెప్పింది, అన్న చెప్పమన్నాడు కాబట్టి. నొప్పి ఉంటే ఉందని చెప్పండి, దేవుడు దానికి అలగడు, మందు ఉంది, అడగండి అంది. అంతే చెప్పి కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని కీర్తన ఎత్తారు. ముందు వరసలోని ఇద్దరు ముగ్గురు పెద్దలు ఆవిడ వైపు చూడకుండా కూర్చున్నారు.

సమాధుల తోటలో మట్టి వేసి జనం చెదురుతున్నప్పుడు ఒకావిడ హెలెన్ దగ్గరికి వచ్చింది. జయకుమారి. ఏడాదిలో బాగా తగ్గిపోయింది. వందనాలు చెప్పలేదు. పిడికిట్లో తీసుకున్న మట్టి ఇంకా గోతిలో వెయ్యకుండా అలాగే పట్టుకుని ఉంది.

"అమ్మా, మా ఆయన దిండు కూడా కుట్టిందా, ఆ సిద్దికా?" అని అడిగింది.

తెలియదని చెప్పొచ్చు. ఆ మాట హెలెన్ నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఎంతో దయగల మాట అది, ఏడాదిగా ఈ మనిషి తిని పడుకోగలిగింది అలాంటి దయగల మాట ఒకటి నమ్మే.

"కుట్టిందమ్మా," అంది హెలెన్.

జయకుమారి ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు నిలబడింది.

"మరి ఆ రోజు గేటు దగ్గర, మీరు చూశానన్నారు గదండీ," అంది.

హెలెన్ అవునంది. జయకుమారి పిడికిలి విప్పి, మట్టిని అక్కడే, తన కాళ్ళ దగ్గరే వదిలేసి, ప్రసన్నకుమార్ సమాధి ఉన్న వైపు నడిచింది. వెంట వెళ్ళాలో వద్దో తెలియక హెలెన్ అక్కడే నిలబడింది.